రంగం ఓడకి ఎన్ని రోజుల ముందు

కోటిపల్లి రేవుకి దిగువన, గౌతమి ఒడ్డున, ముప్ఫై గుడిసెల జాలరిపేట ఒకటి ఉండేది. నీటి లెక్కల్లో ఆ పేటంతా పల్లంరాజు మాటే వినేది. పోటు ఎప్పుడు తగులుతుందో, గాలి ఏ వేళకి తిరుగుతుందో, ఏ పాయలో ఎంత లోతు మిగిలిందో అతను గుమ్మంలో కూర్చునే చెప్పేవాడు. చెప్పింది చెప్పినట్టే జరిగేది. ఆ పేరంటే అతనికి కొంచెం గర్వం కూడా ఉండేది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నలభై ఏళ్ళు దాటిన రోజులవి. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనేవారు. అక్కడ బియ్యం మిల్లుల్లో పని దొరుకుతుందని ప్రతి పేట నుంచీ ఇద్దరో ముగ్గురో కాకినాడలో పొగ ఓడ ఎక్కేవారు. పల్లంరాజు చెల్లెలి మొగుడు గంగయ్య కూడా అలాగే వెళ్ళాడు. వెళ్ళేనాటికి ఆ చెల్లెలు లోవలక్ష్మికి మూడో నెల.

లోవలక్ష్మికి ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పటినుంచీ ఆ పిల్లని అన్నే పెంచాడు. అతనికి పెళ్ళయి భార్య అప్పాయమ్మ కాపరానికి వచ్చాక ఇద్దరూ కలిసి పెంచారు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. లోవలక్ష్మికి పురుడు కష్టమై రెండు రోజులు ఎవరికీ ఆశ లేకపోతే, పల్లంరాజు పెద్దాపురం మరిడమ్మకి మొక్కుకున్నాడు. ఆడపిల్ల పుట్టింది. మొక్కు ప్రకారం మరిడమ్మ అనే పేరు పెట్టారు. పిలిచేది మాత్రం మరిడి అనే.

మరిడి నడక నేర్చింది పల్లంరాజు వేలు పట్టుకునే. మాట నేర్చింది అతని నావలోనే. అతను వల బాగుచేసుకుంటూ కూర్చుంటే వచ్చి వీపెక్కేది. "మాయ్యా, పదా" అనేది. ఎక్కడికి అని అడిగితే దానికీ తెలియదు. అతను వల పక్కన పెట్టి, దాన్ని మెడమీద ఎక్కించుకుని, గట్టు వెంట అటు కొసదాకా వెళ్ళి వచ్చేవాడు.

పిల్లకి రెండేళ్ళు నిండిన శ్రావణంలో, రంగం నుంచి చిట్టియ్య వచ్చాడు. అతను ఆ పేటవాడే. రెండుసార్లు సముద్రం దాటి వచ్చినవాడు. గంగయ్య పంపిన కబురూ, ఓడ టిక్కెట్టు కాయితమూ తెచ్చాడు.

"మిల్లు పక్కనే కొయ్య ఇల్లు తీసుకున్నాడు. రెండు గదులు. పెళ్ళాన్నీ పిల్లనీ పంపమన్నాడు. భాద్రపద అమావాస్య దాటాక వచ్చే శుక్రవారం ఓడ" అన్నాడు చిట్టియ్య. "పిఠాపురం వైపు ఆడవాళ్ళు కొందరు అదే ఓడలో వెళ్తున్నారు. తోడుంటారు. నీ పనల్లా రేవు దాకా చేర్చడమే."

"అదెంత పని? గురువారం పొద్దున్న నావెక్కితే శుక్రవారం పొద్దెక్కేసరికి కాకినాడలో ఉంటాం" అన్నాడు పల్లంరాజు.

"అలా కాదురా. రెండు రోజుల ముందు రేవులో ఉండాలి. ఓడ ఒడ్డుకి రాదు, సముద్రంలో దూరంగా ఆగుతుంది. మనుషుల్ని చిన్న పడవల్లో తీసుకెళ్ళి ఎక్కిస్తారు. డాక్టరు చూస్తాడు, పేర్లు రాసుకుంటారు, ముందు రోజే సగం మందిని ఎక్కించేస్తారు."

"నీటి మీద వేళ నాకు నువ్వు చెప్పాలా చిట్టియ్యా?"

"నీకు గోదారి వేళ తెలుసు. ఓడ వేళ వేరు" అన్నాడు చిట్టియ్య.

ఆ నెలంతా ఇంట్లో ప్రయాణం మాటలే. అప్పాయమ్మ కొత్త బొంత కుట్టింది. లోవలక్ష్మి మొగుడి ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూసేది, ఒక్కోసారి వచ్చేది కాదు. ఆ మాట వదినతో చెప్పి నవ్వేది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకునేది. పల్లంరాజు ఆ మాటల్లోకి వచ్చేవాడు కాదు. వేటకి వెళ్ళేవాడు, వచ్చేవాడు, పిల్లని మెడమీద ఎక్కించుకునేవాడు.

చివరికి చిట్టియ్య మాటకి కొంత విలువిచ్చి, బుధవారం పొద్దున్నే బయలుదేరదామని అన్నాడు. మంగళవారం గోదారికి ఎర్రనీరు మళ్ళీ తిరిగింది, వెనకాలే పులస వచ్చింది. బుధవారం పొద్దున్న నావలో సామాను పెట్టాల్సినవాడు వల పెట్టుకున్నాడు.

"ఒక్క పోటు చూసి వెళ్దాం. రేపు పొద్దున్న బయలుదేరినా అందుతాం" అన్నాడు.

లోవలక్ష్మి గుమ్మంలో మూట పక్కన కూర్చుని ఉంది. "నీ ఇష్టం అన్నయ్యా" అంది.

గురువారం పొద్దున్న కూడా అతను వెంటనే కదల్లేదు. మరిడి ఇంకా నిద్ర లేవలేదన్నాడు. లేచాక గంజి తాగనీ అన్నాడు. ఆఖరికి నావ తోసేసరికి మధ్యాహ్నం అయింది. యానాం దాటి కోరంగి పాయలోకి మళ్ళేటప్పటికి నీరు వెనక్కి తీయడం మొదలైంది. మడచెట్ల మధ్య, పాయ సన్నగా అయ్యేచోట, నావ బురదలో కూర్చుంది. పల్లంరాజు నడుముదాకా దిగి తోశాడు, గడ వేసి నెట్టాడు. నావ కదల్లేదు. మళ్ళీ పోటు వచ్చేదాకా చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆ సంగతి అతని కంటే బాగా తెలిసినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

తెల్లారి నీరు వచ్చింది గాని ఈశాన్యం గాలి ఎదురు తిరిగింది. తెరచాప దింపి తెడ్డు వేశాడు. అరచేతులు పగిలాయి. కోరంగి మొగ దాటి కాకినాడ సముద్రంలోకి వచ్చేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. దూరాన, నీటి అంచున, పొగ కనిపించింది.

"మాయ్యా, పొగ" అంది మరిడి సంబరంగా, వేలు చూపిస్తూ.

ఓడ ఉన్నచోటే ఉందేమోనని పల్లంరాజు కాసేపు ఆశపడ్డాడు. పొగ సన్నబడింది, తూర్పుకి జరిగింది, ఇంకా సన్నబడింది. తెడ్డు నీళ్ళలోనే ఉంచి కూర్చుండిపోయాడు.

లోవలక్ష్మి కాసేపటికి అంది, "పోనీలే అన్నయ్యా. ఇంకో ఓడ ఉంటుంది కదా."

రేవులో గుమాస్తా టిక్కెట్టు కాయితం తిరగేసి చూశాడు. "నిన్న పొద్దున్నించీ ఎక్కిస్తూనే ఉన్నామయ్యా. మీ పేరు మూడుసార్లు పిలిచాం. వచ్చే ఓడకి రాసి ఇస్తాను. ఈసారి ముందుగా రండి" అన్నాడు. కసిరి ఉంటే బాగుండేదనిపించింది పల్లంరాజుకి. ఆయన మెల్లగానే చెప్పాడు.

వాళ్ళు తిరిగి పేటకి వచ్చారు. కార్తీకంలో తుఫాను పట్టి కొన్నాళ్ళు ఓడలు సరిగా నడవలేదు. కార్తీకం ఆఖర్లో గంగయ్య ఉత్తరం వచ్చింది. బడిపంతులుగారు అరుగు మీద కూర్చుని చదివితే వీళ్ళు కింద నిలబడి విన్నారు. రేవులో మూడు రోజులు నిలబడ్డానని గంగయ్య రాయించాడు. ఓడ దిగిన ప్రతి ఆడమనిషి చంకలో పిల్లనీ చూశాననీ, ఒక పిల్ల తన తల్లి పోలికలో ఉంటే దగ్గరికి కూడా వెళ్ళాననీ, కాదని తెలిసి వెనక్కి వచ్చేశాననీ రాయించాడు. మార్గశిరం ఆఖర్లో సోమవారం ఓడకి తప్పకుండా పంపమన్నాడు. తప్పు ఎవరిదని ఎక్కడా అడగలేదు.

ఇంటికి వచ్చే దారిలో, లోవలక్ష్మి కాస్త ముందుకి నడిచాక, అప్పాయమ్మ మొగుడితో అంది.

"నువ్వు చేప కోసం ఆగలేదు."

"మరి?"

"పిల్ల కోసం ఆగావు. ఒక్కరోజు ఎక్కువ ఉంటుందని. నాకు తెలీదనుకున్నావా? ఆ రోజు పొద్దున్న అది ఎప్పుడో లేచింది. కళ్ళు తెరుచుకుని పడుకుంటే, నువ్వే జోకొట్టి మళ్ళీ పడుకోబెట్టావు."

పల్లంరాజు ఆ మాట తనకే తెలియనట్టు ఇన్నాళ్ళూ నటించాడు. ఇప్పుడు ఇంకో మనిషి నోట విన్నాక అది దాగేది కాదు. ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చోలేదు. మర్నాడు చిట్టియ్య దగ్గరికి వెళ్ళాడు.

"ఈసారి ఐదు రోజుల ముందే రేవులో ఉంటాను."

"ఐదు రోజులెందుకురా? రెండు చాలు. అక్కడ జనం ఎక్కువ, నీళ్ళు బాగోవు. పిల్లతో ఐదు రోజులు ఎక్కడుంటారు?"

"చాలడం, చాలకపోవడం నాకొద్దు. ఓడ నా కళ్ళముందే రావాలి, నా కళ్ళముందే చెల్లెలు ఎక్కాలి."

అప్పాయమ్మని ఇంటి దగ్గర ఉంచి, సోమవారం ఓడకి బుధవారమే చేరుకున్నారు. ఈసారి పాయని నమ్మలేదు. ద్రాక్షారామం వైపు నుంచి కాలువ పడవలో వెళ్ళారు. కాకినాడలో జగన్నాథపురం వంతెన అవతల, అప్పాయమ్మకి దూరపు చుట్టం, అచ్చాయమ్మ అనే ముసలావిడ ఉండేది. ఎండుచేపలు అమ్ముకుని బతికేది. ఆవిడ ఇంటి పంచలో చోటిచ్చింది. వీధి వీధంతా రంగం వెళ్ళేవాళ్ళే. తుని నుంచి, తణుకు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చి, చెట్ల కిందా పాకల్లోనూ మూటలు దించుకున్నారు. పల్లంరాజులాగే చాలామంది భయపడి ముందుగా వచ్చినవాళ్ళే.

మొదటి రెండు రోజులూ బాగా గడిచాయి. మరిడికి అంత జనం కొత్త. ఎవరు పలకరించినా దగ్గరికి వెళ్ళేది. ఒక ముసలాయన దానికి తాటిబెల్లం ముక్క పెడితే, సగం కొరికి మిగతా సగం తెచ్చి మేనమామ నోట్లో పెట్టింది. సాయంత్రాలు పల్లంరాజు దాన్ని ఎత్తుకుని రేవుకి తీసుకెళ్ళేవాడు. సరుకు పడవలు కాలవలోంచి సముద్రంలోకి వెళ్ళడం చూపించేవాడు. "అదిగో, అలాంటి పడవ ఎక్కి, పెద్ద ఓడ ఎక్కి, మీ నాన్న దగ్గరికి వెళ్తావు" అనేవాడు.

"నువ్వు?" అనేది మరిడి.

"నేనూ వస్తాను తర్వాత."

"ఇప్పుడు దా."

శుక్రవారం పొద్దున్న ఎదుటి పాకలో తుని నుంచి వచ్చిన మనిషికి వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి పోయాడు. సాయంత్రానికి అదే పాకలో ఇంకో ఇద్దరు పడ్డారు. అచ్చాయమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. నీళ్ళు కాచి తాగమంది.

లోవలక్ష్మి అన్న దగ్గరికి వచ్చింది. "అన్నయ్యా, కోరంగిలో వదినా వాళ్ళ పిన్ని ఉంది కదా. ఈ రెండు రోజులూ అక్కడుండి ఆదివారం సాయంత్రం వచ్చేద్దామా? దగ్గరే కదా."

పల్లంరాజు ఆలోచించాడు. కోరంగి నిజంగానే దగ్గర. గాలి అనుకూలంగా ఉంటే పూట ప్రయాణం. కానీ కోరంగి అనగానే అతనికి మడచెట్ల మధ్య బురదలో కూర్చున్న నావ కళ్ళముందుకి వచ్చింది. నీటి అంచున పొగ కనిపించింది.

"వద్దమ్మా. మళ్ళీ దారిలో ఏదైనా అయితే? ఇంత ముందుగా వచ్చి మళ్ళీ రేవు వదిలి వెళ్ళడం ఏంటి? మూడు రోజులు ఓపిక పట్టు. పిల్లని పంచ దాటనివ్వకు."

లోవలక్ష్మి పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

శనివారం ఏమీ కాలేదు. పల్లంరాజు ఊపిరి పీల్చుకున్నాడు. ఆదివారం పొద్దున్నే ఓడ వచ్చింది. దూరాన నల్లగా కనపడితే వీధంతా కేకలు వేసింది. అతను మరిడిని భుజం మీద నిలబెట్టి చూపించాడు. పిల్ల చూసింది గాని కేరింతలు కొట్టలేదు. అతని నెత్తి మీద చెంప ఆనించి ఉండిపోయింది. ఆ చెంప వేడిగా ఉండటం అతనికి అప్పుడే తెలిసింది.

సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. అచ్చాయమ్మ వాము కాచి పట్టింది, వీధి చివర వైద్యుణ్ణి పిలుచుకొచ్చింది. ఆయన మందు నూరి నాలిక మీద రాశాడు. పిల్ల మింగింది, మళ్ళీ కక్కింది. తెల్లవార్లూ తల్లి ఒడిలోనే ఉంది.

సోమవారం రేవులో పేర్లు పిలవడం మొదలుపెట్టారు. పిల్లని పాతచీరలో చుట్టుకుని లోవలక్ష్మి వరసలో నిలబడింది. డాక్టరు ఒక్కొక్కరి కళ్ళూ నాలికా చూసి పంపిస్తున్నాడు. వీళ్ళ వంతు రాగానే చీర తొలగించి పిల్ల ముఖం చూశాడు. చెయ్యి పట్టుకున్నాడు. వెంటనే తల అడ్డంగా ఊపి ఏదో అన్నాడు.

"పిల్ల ఎక్కడానికి వీల్లేదు. కావాలంటే తల్లి వెళ్ళవచ్చు" అన్నాడు పక్కనున్న గుమాస్తా, ఆయన మాటని తెలుగులో చెబుతూ.

పల్లంరాజు ముందుకి వచ్చాడు. "లచ్చీ, నువ్వెళ్ళు. పాపని నేను చూసుకుంటాను. తగ్గగానే వచ్చే ఓడకి నేనే తీసుకొస్తాను. బావ మళ్ళీ రేవులో నిలబడి ఉంటాడు."

లోవలక్ష్మి అన్న ముఖం వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"పిల్లనిలా వదిలేసి ఎలా వెళ్తాననుకున్నావు అన్నయ్యా?" అని వరసలోంచి బయటికి వచ్చేసింది.

ఓడ ఆ రోజు సాయంత్రం బయలుదేరాల్సింది. బయలుదేరలేదు. ఎక్కించాల్సిన సరుకు కాలవలో ఆగిపోయిందట. బుధవారం దాకా ఇక్కడే ఉంటుందని రేవులో చెప్పుకున్నారు. మంగళవారం పొద్దున్న కూడా అది అక్కడే నిలబడి ఉంది. అచ్చాయమ్మ పంచలోంచి కొబ్బరిచెట్ల సందున కనపడేది. పల్లంరాజు అటు చూడకుండా ఉండాలని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం మరిడి కళ్ళు తెరిచింది. నీళ్ళు అడిగింది. లోవలక్ష్మి చెంచాతో పోసింది. ఆ రెండు చుక్కలూ నిలిచాయి. ముగ్గురికీ ప్రాణం లేచి వచ్చినట్టయింది. అచ్చాయమ్మ "మరిడమ్మ తల్లి చల్లగా చూసింది" అంటూ గంజి కాయడానికి లేచింది. మరిడి మేనమామ వైపు చెయ్యి చాపింది. పల్లంరాజు ఎత్తుకున్నాడు. దాని ఒళ్ళు ఇంత తేలికా అనుకున్నాడు. భుజాన వేసుకుని పంచలో అటూ ఇటూ నడిచాడు. ఎన్నిసార్లు నడిచాడో అతనికి తెలియదు. అచ్చాయమ్మ గంజి గిన్నె తీసుకొచ్చి, పిల్ల ముఖం చూసి, గిన్నె కింద పెట్టేసింది.

"ఇలా ఇవ్వు నాయనా" అంది.

"పడుకుంది పిన్నీ" అన్నాడు పల్లంరాజు.

"ఇలా ఇవ్వు."

పొద్దు వాలకముందే రేవుకి ఉత్తరాన ఇసుకలో పూడ్చారు. గొయ్యి పల్లంరాజే తవ్వాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. సముద్రపు నీరు ఊరకుండా ఎంత లోతు తవ్వాలో అతనికి తెలుసు. సరిగ్గా అంతే తవ్వాడు. పైన తుమ్మకంపలు పరిచి బరువు పెట్టాడు. ఆ పనంతా చేసినంతసేపూ ఏడవలేదు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళ దగ్గరికి వెళ్ళి, అక్కడే కూలబడి, ఇసుక గుప్పిళ్ళతో తీసి నెత్తిన పోసుకున్నాడు. లోవలక్ష్మే వచ్చి భుజం పట్టి లేపింది.

బుధవారం పొద్దున్న రేవులో ఆఖరి పిలుపు పిలుస్తున్నారని కబురొచ్చింది. పల్లంరాజు ఇంటికి వెళ్ళిపోదామనుకుంటున్నాడు. లోవలక్ష్మి లేచి జుట్టు ముడేసుకుంది. మూట తీసుకుంది. పిల్ల బట్టలు అందులోంచి తీసి అచ్చాయమ్మకి ఇవ్వబోయి, మళ్ళీ మూటలోనే పెట్టుకుంది.

"వెళ్తావా అమ్మా?" అన్నాడు.

"ఆయన రేవులో నిలబడి ఉంటాడు అన్నయ్యా. కిందటిసారి మూడు రోజులు నిలబడ్డాడు. నేనైనా కనపడాలి."

డాక్టరు ఆమెని గుర్తుపట్టాడు. కళ్ళూ నాలికా చూశాడు. పిల్ల ఏదని అడిగాడు. గుమాస్తా ఆ మాటని తెలుగులో చెప్పాల్సిన పని లేకపోయింది. లోవలక్ష్మి తల దించుకుంది. "లేదండి" అన్నాడు పల్లంరాజు. డాక్టరు వెళ్ళమని చెయ్యి ఊపాడు.

ఓడ దాకా తీసుకెళ్ళే పడవలో పల్లంరాజు కూడా ఎక్కాడు. పడవవాళ్ళు వద్దనబోయారు గాని, అతను ఒక తెడ్డు అందుకుంటే, అది జాలరి చెయ్యి అని గమనించి ఊరుకున్నారు. చెల్లెలు ఎదురుగా మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పడవ సగం దూరం వెళ్ళింది.

"అన్నయ్యా" అంది లోవలక్ష్మి. "ఆ బుధవారం నువ్వు పులస కోసం ఆగలేదని నాకు తెలుసు."

పల్లంరాజు తెడ్డు తప్పింది. మళ్ళీ వేశాడు.

"నేను రెండో మాట అంటే నువ్వు వెంటనే కదిలేవాడివి. అనలేదు. నాకూ ఇంకో రోజు ఇంట్లో ఉండాలనే అనిపించింది. వదిన చేతి అన్నం ఇంకో పూట తినాలనిపించింది. నువ్వొక్కడివే ఆగావని మోయకు."

"కోరంగి వెళ్దామని అడిగావు కదమ్మా. నేను కదా వద్దన్నాను."

 అబద్ధం చెప్పి ఓదార్చే పిల్ల కాదు ఆమె. అన్న మోకాలి మీద చెయ్యి వేసి, ఓడ దగ్గరికి వచ్చేదాకా అలాగే ఉంచింది. నిచ్చెన దగ్గర మూట అందుకుని ఎక్కింది. పైన జనంలో కలిసిపోయింది. ఎంతసేపు చూసినా మళ్ళీ కనపడలేదు.

పల్లంరాజు ఇంటికి వెళ్ళి అప్పాయమ్మకి చెప్పాడు. ఎలా చెప్పాడో ఆవిడ తర్వాత ఎవరికీ చెప్పలేదు. మూడు వారాలు అతను నావ తీయలేదు. వీధిలో ఎవరైనా పోటు ఎప్పుడని అడిగితే "నాకు తెలీదు, చూసుకోండి" అనేవాడు. తర్వాత వేటకి వెళ్ళడం మొదలుపెట్టాడు, తిండి కావాలి కాబట్టి.

మాఘమాసం చివర గంగయ్య ఉత్తరం వచ్చింది. పంతులుగారు ముందు తనలో తాను చదువుకున్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత పైకి చదివారు.

లోవలక్ష్మి క్షేమంగా చేరిందని గంగయ్య రాయించాడు. ఆమె ఓడ దిగి ఎదురుగా వచ్చి నిలబడితే, తను ఆమె వెనకాల చూశాననీ, పిల్లని తోడున్న ఆడవాళ్ళు ఎత్తుకుని వస్తున్నారేమోనని అందరూ దిగేదాకా చూస్తూనే ఉన్నాననీ రాయించాడు. ఉత్తరం చివర ఇలా ఉంది: "బావా, నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. పాప ఎలా ఉండేదో నాకు తెలీదు. లక్ష్మిని అడుగుతాను, మొదలుపెడుతుంది, చెప్పలేక ఆగిపోతుంది. ఇంక అడగడం మానేశాను. దాన్ని ఎత్తుకుని పెంచినవాడివి నువ్వు. ఎలా ఉండేదో అంతా రాయించు. ఏదీ వదలొద్దు."

పల్లంరాజు అరుగు దగ్గరికి జరిగాడు. అప్పాయమ్మ అరుగు మెట్టు కింద కూర్చుని చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఇప్పుడే రాయమంటావా? మళ్ళీ వస్తావా?" అన్నారు పంతులుగారు.

"ఇప్పుడే రాయండి పంతులుగారూ. ఇంటికెళ్తే మళ్ళీ రాలేను."

ఆయన కాయితం తీసి కలం ముంచారు. పల్లంరాజు చెప్పడం మొదలుపెట్టాడు. జుట్టు రింగులని చెప్పాడు, తడిస్తే మటుకు నిటారుగా పడేదని చెప్పాడు. కాళ్ళు పెద్దవి, బావ కాళ్ళలాంటివే అన్నాడు. చేప ముల్లు తీసి పెడితే తినేది కాదు, తనే తీసుకుంటానని పేచీ పెట్టేది అన్నాడు. వాన పడితే బయటికి పరిగెత్తి నోరు తెరిచేది. కుక్కంటే భయం లేదు, పిల్లి అంటే భయం. నిద్రలో నవ్వేది. మొదటి మాట అమ్మా కాదు, అత్తా కాదు, "నావ" అన్నాడు. పంతులుగారు తల ఎత్తకుండా రాసుకుపోతున్నారు. ఒక కాయితం నిండి రెండోది అందుకున్నారు.

"చెంప మీద పుట్టుమచ్చ. చిన్నది. కుడి చెంప" అన్నాడు పల్లంరాజు.

"ఎడమ" అంది అప్పాయమ్మ కిందనుంచి.

"కుడి. నా భుజాన ఎక్కితే నాకు కనపడేది కదా."

"ఎడమేనయ్యా. నీళ్ళు పోసేటప్పుడు రోజూ చూసేదాన్ని."

పల్లంరాజు కుడిచెయ్యి ఎత్తి, పిల్ల ఎదురుగా ఉన్నట్టు గాలిలో పెట్టి చూశాడు. ఎడమ చెయ్యి పెట్టి చూశాడు. అప్పాయమ్మ కూడా తన చెంపలు రెండూ తడుముకుని ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరికీ ఇప్పుడు గట్టిగా చెప్పే ధైర్యం లేదు.

పంతులుగారు కలం ఆపారు. "ఏం రాయమంటావు నాయనా?" అన్నారు మెల్లగా.

"చెంప మీద పుట్టుమచ్చ ఉండేదని రాయండి. ఏ చెంపో లక్ష్మికి తెలుస్తుంది" అన్నాడు పల్లంరాజు.